డెవలప్‌మెంట్ ఫీజు

“నానమ్మా, మా బుజ్జిగాన్ని ప్లేస్కూల్ల ఏసి ఫీజు కట్టొచ్చిన. ఒక్క ఫీజు గాదు, తీరుతీర్లవి ఉన్నయి. ఏది దేనికో ఒక్కటి సమజ్ గాలె. నేను సదివినప్పుడు గూడ గిట్లనే ఉండెనా?”

ఉండకేం బిడ్డ. గిన్ని లేకుండె గనీ, ఉండె. కూసో. గా చాట ఇటు జరుపు, చిక్కుడుకాయ ఈనెలు తీస్కుంట చెప్త. నువ్వు సదివిన కాన్వెంటు యాడుండెనో యాదికున్నదా? మొయినాబాద్ల, మెయిన్ రోడ్డుకు, మన పాత ఇల్లే గదా. మీ తాత, వాళ్ల నాయన కలిసి కట్టిన ఇల్లది. మనం బాయికాడికి వచ్చి ఈడ రెండర్రలు ఏస్కున్నంక ఆ ఇల్లు కిరాయికిచ్చినం. మేడం వచ్చింది. పేరు సునీత. కరీంనగర్ దిక్కు పిల్ల, మొగడు వేరే పెండ్లి చేస్కుంటే ఒక్కతే ఇటొచ్చి బతికింది. మనం వడ్ల బస్తాలు ఏసుకునే అర్రల ఎల్కేజీ వెట్టింది. వంటింట్ల యూకేజీ. నువ్వు వంటింట్లనే ఏ ఫర్ ఆపిల్ నేర్సుకున్నవ్. నేను ఏడ రొట్టెలు చేసిన్నో గాడనే బల్లేసుకుని కూసున్నవ్.

గప్పుడు ఐటీ అని మొదలైంది. హైటెక్ సిటీ ఏడనో ఆడ కట్టిండ్రు గనీ, భూముల రేట్లు ఇటు మనకాడ లేసినయ్. నా పెండ్లప్పుడు మెహదీపట్నం పోవాలంటే రూపాయి ఇస్తే కండక్టరు చిల్లర వాపస్ ఇచ్చెటోడు. గదే రోడ్డు మీద ఇప్పుడు కార్లే కార్లు. అజీజ్‌నగర్ దిక్కు పొలాలన్ని ఫారం హౌసులు, విల్లాలు అయినయ్. ఇంజనీరింగ్ కాలేజీలు వచ్చినయ్, పిలగాండ్లు రూములు దొర్కక ఇల్లిల్లు తిరిగెటోళ్లు. మీ నాయన గూడ ఆ ఐటీ పున్యానే బండి నడిపిండు, రాత్రి కాల్ సెంటరోళ్లను దింపి తెల్లారి వచ్చి పండెటోడు. మీ అమ్మ కాలేజీ క్యాంటీన్ల పనికి పోయేది. గందుకే నిన్ను బడికి తోల్కపోవుడు, తీస్కచ్చుడు అన్ని నేనే.

ఏం చెప్తున్న... ఆఁ, ఫీజు. గప్పుడు సర్కారుది రూల్ వచ్చిందన్నరు. ఏ బడి గానీ, చిన్నపిల్లలదైనా సరే, ఇష్టమున్నట్టు ఫీజు గుంజొద్దు. తల్లిదండ్రులతోని కమిటీ ఎయ్యాలె, వాళ్లు ఒప్పుకొని సంతకం వెడ్తేనే కొత్త ఫీజు. వెట్టిన ఫీజు బోర్డు మీద రాసి గోడకు తగిలియ్యాలె. మేడం అందర్నడిగింది. విల్లాలోళ్లకు టైం లేదు, పూల తోటలోళ్లకు పనిదినం పోతది. ఒక విల్లా సారు సరే అన్నడు, సాఫ్ట్‌వేరాయన, మంచోడే పాపం. ఇంకొకలు ఎవలంటే, రోజు గేటు కాడ ముందుగాల వచ్చి కూసునేది నేనే గదా, “నర్సమ్మగారు ఉంటరు” అన్నది. ముసల్ది, ఏం జెప్తే దానికి తలూపుతదనుకున్నదో ఏమో. నాకు సంతకమొస్తది, నీకెరుకనే గదా. నాల్గో తరగతి సదివిన నేను.

మేడం చెప్పింది, వచ్చే యాడాది నుంచి కంప్యూటర్ ఫీజు, డ్యాన్స్ ఫీజు, టిఫిన్ ఫీజు, మల్ల డెవలప్‌మెంట్ ఫీజు. విల్లా సారు కూసున్నకాడనే సంతకం గీకిండు. నేను అన్న, “మేడం, జర సూసి వెడ్త. కూరగాయలైనా గిచ్చి సూస్త గదా.” నవ్వింది. సూడుండ్రి అమ్మా అన్నది.

నిన్ను దింపి ఇంటికి పోకుండ ఆడనే కూసునుడు మొదలువెట్టిన. కంప్యూటరు ఉన్నది, అబద్ధం గాదు. దాని మీద పూల గుడ్డ కప్పిండ్రు, దసరాకు బొట్లు వెట్టిండ్రు. పిల్లలు లైన్ల వచ్చి దాన్ని సూసి పోవాలె, ముట్టుకుంటే ఆయమ్మ చెయ్యి మీద కొడ్తది. డ్యాన్స్ సారు నగరం నుంచి టేప్ రికార్డరు పట్టుకొని వచ్చెటోడు. ఒక పాట వెట్టి, రెండు దిక్కుల చేతులూపిచ్చి, ఛాయ తాగి పోయెటోడు. టిఫిన్ అంటవా, నేను నీ పక్కన కూసొని తిన్న. ఉప్మా. పిల్లలు నన్ను సూసి ఒకటే నవ్వుడు. ఉప్పు తక్కువైంది గనీ మంచిగనే చేసింది ఆయమ్మ, దానికి పైసలిచ్చుడు న్యాయమే అనుకున్న. మిగిలిన రెండు ఉత్తయే అని మేడంకు మొకం మీదనే చెప్పిన. ఆమె గూడ మారు మాట్లాడకుండ “తీసేస్తనమ్మా” అన్నది. మంచిపిల్ల. విల్లాలోళ్లు వేరే బళ్ల ఉన్నయి, ఈడ లేవా అనుకుంట అడుగుతుంటే వెట్టిందంతే.

ఇగ డెవలప్‌మెంట్ ఒక్కటి మిగిలింది. అన్నిట్ల గదే పెద్దది. ఏం డెవలప్ జేస్తున్నవ్ మేడం అని బడి సుట్టు తిరిగి సూసిన. గోడలకు సున్నం గూడ కొత్తగ లేదు. ఆమె చెప్పకపాయె.

ఈ నడుమ రూతమ్మ వచ్చింది నా దగ్గరికి. మేరి తల్లి. నీ దోస్తు మేరి యాదికున్నది గదా, రెండు పిలకలు, నీ డబ్బాల నుంచి నువ్వుల ముద్దలు తినేది. రూతమ్మ అజీజ్‌నగర్ కాడ ఫారం హౌసుల వంట జేసేది, ఆమె మొగడు ఆడనే మాలి. పిల్లను షేరింగ్ ఆటోల తీస్కచ్చి దింపేది. “అక్కా, గా కొత్త ఫీజు వడితే మాతోని గాదు. మాన్పిస్తం” అన్నది. మాన్పిస్తే పిల్లెక్కడుంటది అన్న. “ఇంకేడుంటది, నాతోని ఫారం హౌసులనే. ఆడ ఈత కొట్టే గుంట ఉన్నదక్కా. నేను పొయ్యి కాడుంటే దాని మీద కన్నెట్లుంటది? పోయినైతారం ఫారం హౌసు సార్లు వచ్చిన్నాడు సూస్తే, అంచుకు కూసొని నీళ్లల్ల కాళ్లేసి ఆడుతున్నది. నా పానం పోయింది.” కండ్లల్ల నీళ్లు తీస్కున్నది.  నీ ఈడు పిల్లనే గదా బిడ్డ. రాత్రి పంటే నువ్వే నీళ్ల అంచుకు కూసున్నట్టు కల వడ్డది నాకు.

తెల్లారి మేడంను పట్టుకున్న. కూసోవెట్టి అడిగిన, గా ఫీజు యాడికి పోతది, దేవుని మీద ఒట్టు, చెప్పు. ఆమె తల దించుకున్నది. “మీకు తెలుసనుకున్న అమ్మా. ఇంటి కిరాయి డబులయింది. పెద్దాయన చెప్పిండు, హాస్టలుకు అడుగుతున్నరు, ఇయ్యకుంటే కాలీ చెయ్యమని.”

పెద్దాయనంటే మీ తాతనే.

నాకు ఒక్క ముక్క చెప్పలే ఆయన. ఇంటికొచ్చి, ఆయన బువ్వ తింటుంటె అడిగిన. కిరాయి పెంచినవా? పెంచిన అన్నడు. నాకు చెప్పలేదెందుకు? “చెప్తే నువ్వేం జేస్తవ్? ట్రాలీ ఆటో మాట్లాడొచ్చిన చేవెళ్లల. నెలనెల కట్టుకోవాలె. ఎన్నాళ్లని చామంతి మూటలు నెత్తిన వెట్టుకొని బస్సులెక్కాలె? కండక్టరుతోని లొల్లి, నిలబడి నిలబడి నడుములు పోతున్నయ్. అందరు పెంచిండ్రు, నేను పెంచితే తప్పా?” అన్నడు. రూతమ్మ సంగతి చెప్పిన. పిల్ల సంగతి, గా నీళ్ల గుంట సంగతి. ఇన్నడు. “ఊళ్లె ఉన్న పిల్లలందరిని నేనే సాదాల్నా? నువ్వు బడి దిక్కా, ఇంటి దిక్కా?” అన్నడు.

 ఆయన మాట్ల గూడ న్యాయం ఉన్నది బిడ్డ. చీకటితోనే లేసి పూలు తెంపి, మూటగట్టి, మెహదీపట్నం బస్సెక్కి, ఆడ దిగి మార్కెట్‌కు మల్ల మోస్తుండె. చిన్న వయసా ఏమన్ననా? తాగుడు లేదు, ఆట లేదు. ఒక్క బండి కావాలన్నడు. అడిగితే తప్పేమున్నది? గందుకే ఆ రాత్రి నాకు నిద్ర వట్టలే. ఆయన మోసగాడైతే నాకు ఎంత సులువుగుండునో.

మీటింగు అయితారం వెట్టిండ్రు, మన పాత ఇంటి ముంగట, చాపలేసి. విల్లాలోళ్లు కుర్చీలల్ల కూసున్నరు. రూతమ్మ ఎన్క నిలబడ్డది, మేరి సంకల. విల్లా సారు అన్నడు, “ఏముందమ్మా, ఒక్కసారి బయట తిన్నంత గాదు, సంతకం పెట్టెయ్యండి.” మేడం నా దిక్కు సూడకుండ పెన్ను పట్టుకొని కూసున్నది. ఆమె చెప్తే ఇల్లు పోతది, ఆమె నోరు తెర్వదు. గప్పుడే సూసిన, గేటు కాడ మీ తాత. పూల మూట కింద వెట్టి, బస్సు కోసం నిలబడ్డడో, నేనేమంటనో ఇందమని నిలబడ్డడో. సూసిన. సూసి గూడ లేసి నిలబడి చెప్పిన.

“గీ డెవలప్‌మెంట్ ఫీజు బడికి గాదు. మా ఇంటికొస్తది. మా ఆయన కిరాయి పెంచిండు. నా ఇంటికొచ్చే పైసలకు నేనే సంతకం వెట్టుడు మంచిగుండదు. నేను వెట్ట.”

 అందరు తలలు తిప్పి గేటు దిక్కు సూసిండ్రు. నేను చీర కొంగు నోట్ల వెట్టుకున్న. మీ తాత అందరి దిక్కు సూసిండు, రూతమ్మ సంకల పిల్ల దిక్కు సూసిండు. మందిల తలెత్తి బతికిన మనిషి. “పాత కిరాయే ఇయ్యి మేడం” అన్నడు, గంతే. బస్సు వచ్చింది, మూట ఎత్తుకున్నడు. ఎప్పుడు నేను పోయి చెయ్యి సాయం జేసి నెత్తిన వెట్టేదాన్ని. ఆ దినం ఆయనే ఎత్తుకున్నడు.

మేడం బోర్డు రాయించింది. బడి ఫీజు, టిఫిన్ ఫీజు, రెండే. మేరి యూకేజీ అయ్యేదాంక నీ పక్కనే కూసున్నది.

పొద్దుగూకినంక వచ్చి కాళ్లు కడుక్కుంట అన్నడు, “నల్గుర్ల నిలబెట్టి చెప్పాల్నా? ఇంట్ల చెప్తే సరిపోకపోవునా?” “ఇంట్ల చెప్పిన గదా, ఇన్నవా?” అన్న.  బువ్వ పెట్టిన, తిన్నడు. మస్తు దినాలు అవసరమున్నంతనే మాట్లాడిండు నాతోని. తర్వాత మెల్లగ మామూలయింది. ట్రాలీ సంగతి మల్ల ఎత్తలే ఆయన. నేను గూడ ఎత్తలే.

అటెన్క ఎన్నేండ్లు మోసిండో. ఓపిక ఉన్నన్ని దినాలు ఆ మూటలు మోసి మోసి మోకాళ్లు అరిగినయన్నరు దవాఖానల. నువ్వే గదా నూనె రాసేది, సిన్నగున్నప్పుడు. “తాతా, నీ మోకాళ్లు ఎందుకు నొస్తయ్, నానమ్మకు నొయ్యవు గదా” అని అడుగుతుంటివి. ఆయన నా దిక్కు సూసి నవ్వెటోడు. “నానమ్మది పెద్ద ఉద్యోగం, కూసొని సంతకాలు వెడ్తది” అనెటోడు. నువ్వు నవ్వేదానివి. గంతకు మించి ఒక్కనాడు ఒక్క మాట అనలే నన్ను, పోయేదాంక.

నేను తప్పు జేసిన అనను బిడ్డ. ఇయ్యాల్ల అడిగినా గట్లనే చెప్త. కాని నేను మాట చెప్పి ఇంటికొచ్చిన, మోసింది ఆయన. మేరికి తెల్వది, రూతమ్మకు గూడ తెల్వది. నీకు ఇయ్యాల్ల చెప్పిన. ఇంకెవరికి చెప్పాలె, ఆయనకు చెప్దామంటే...

లే, పిలగాడు ఏడుస్తున్నట్టున్నడు, పోయి ఎత్తుకో. సల్లగుండు బిడ్డ. నీ పెనిమిటి సల్లగుండాలె. కాళ్లు రెక్కలు మంచిగుండాలె మీ ఇద్దరివి. అట్లనే బుజ్జిగాడు గూడ... పో, పో, ఏడుస్తున్నడు.