ఎత్తులో ఆగిన దుంగల బండి

అమెరికాలో మిన్నెసోటా ఉత్తరాన కొట్టడానికి చెట్లు అయిపోయాయి. దుంగల రైలుకి అదే ఆఖరి రోజు. ఆఖరి బండి కొండ ఎత్తులో చక్రాలు జారి నిలిచిపోయింది. బండి దిగిన ఆ రైలు కంపెనీ పాత సూపరింటెండెంటుకి, పట్టాల పక్కన డబ్బాతో కూచున్న పాత గ్యాంగుమేస్త్రీ కనిపించాడు.

“పట్టాలకి పందికొవ్వు పూసింది నువ్వేనా?”

“నేనే దొరా. అర మైలు పొడుగునా పూశాను. తుడిచేసరికి సాయంత్రం అవుతుంది.”

“మతి పోయిందా నీకు? రెండింటికి ఊళ్ళో సభ. ఈ రైలు చరిత్ర చెప్పాల్సింది నేనే.”

“పేపర్లో చదివాను. మన రైలు ఏనాడూ ఎవర్నీ దారిలో వదిలేయలేదని చెబుతారటగా.”

“అబద్ధమా?”

“నా భార్య ఐలీకి కాన్పు కష్టమైతే, ఊళ్ళో డాక్టరు దగ్గరికి చేర్చాలని ఇక్కడే ఎర్రజెండా ఊపాను. మీ బండి ఆగలేదు.”

“దుంగల బరువుతో ఈ ఎత్తులో ఆగితే బండి మళ్ళీ కదలదు. అందుకే ఆపొద్దని ఆర్డరు వేశాను.”

“ఇవాళ ఆగిందిగా.”

“ఇరవై ఏడేళ్ళ నాటి మాట! ఇప్పుడు నన్నేం చెయ్యమంటావ్?”

“నడవండి. ఊరు నాలుగు మైళ్ళే. ఐలీని చేతుల మీద మోసుకెళ్ళిన దారే.”

“నా మోకాళ్ళు చూశావా?”

“చూశాను. నెమ్మదిగానే నడవండి, వెనకే వస్తాను. మూడో మైలు దగ్గర చెబుతాను, అక్కడ టోపీ తియ్యండి.”

“అక్కడ పోయిందా?”

“నా చేతుల్లోనే. కడుపులో బిడ్డతో.”

“నన్ను క్షమించమని అడిగితే?”

“ఆ మాట సభలో అందరి ముందూ చెప్పండి. నడవండి.”