క్లెమ్ హార్గ్రీవ్స్ పెదాల మాట

ఎవరూ, ఆ శవపేటికలు చేసేవాడి వేషమేసినాయనా? ఇందాక టీవీలో పొడుగు టోపీ పెట్టుకుని, పెళ్ళిలో పిల్ల తండ్రి వెనకాల నిలబడి గుట్టుగా టేపు పెట్టి భుజాలు కొలిచాడే, ఆయనేగా నువ్వడిగేది? ఎక్కడో చూసినట్టుందంటావా. చూసే ఉంటావే. ఈ దేశంలో ఆ మొహం తెలియనివాళ్ళు లేరు, ఆ పేరు తెలిసినవాళ్ళు లేరు. మా కాలంలో అయితే బస్సులో జనం ఆయన్ని పట్టుకుని, "ఏవండీ, మీరు గ్యాసు కంపెనీలో మా బావమరిదితో పనిచేసేవారు కదూ?" అని అడిగేవాళ్ళు. ఆయన కాదనేవాడు కాదు. "అవునండీ, ఎలా ఉన్నాడు?" అనేవాడు. క్లెమ్ హార్గ్రీవ్స్. మన బర్న్లీ ఊరివాడే. మన వీధి వెనక వీధి. అలా కాదు బ్రయనీ, ఆ కుర్చీ కాలు ఊగుతోంది, ఇటు వచ్చి కూర్చో. టీ పోసుకో. పంచదార నీ వెనకాలే ఉంది.

నీకు బట్టల మిల్లు అంటే ఏం తెలుసులే, ఇప్పుడు అవన్నీ ఫర్నిచర్ షాపులు, ఫ్లాట్లు అయిపోయాయి. ఒక్కో షెడ్డులో వందల మరమగ్గాలుండేవి. అవన్నీ ఒక్కసారి మొదలైతే నీ చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడదు. మరి ఆడవాళ్ళు పదేసి గంటలు నోరు మూసుకుని ఉండగలరా? అందుకని పెదాలతో మాట్లాడుకునేవాళ్ళు. శబ్దం ఉండదు, నోరు పెద్దగా తిప్పుతూ, కనుబొమ్మలూ బుగ్గలూ అన్నీ కలిపి మాటని మొహం మీద పెట్టి చూపించడం. మీమా అంటాం మేము దాన్ని. షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరకి ఎవరి మొగుడు తాగొచ్చాడో, ఎవరికి ఎన్నో నెలో, అన్నీ తెలిసిపోయేవి. మా అమ్మా, క్లెమ్ వాళ్ళమ్మ సెలీనా పిన్నీ పక్కపక్క మగ్గాలు. సెలీనా పిన్నికి నలభై ఏళ్ళొచ్చేసరికే చెవులు పూర్తిగా పోయాయి. చాలామందికి పోయేవిలే, అదేదో జలుబులాగా అనుకునేవాళ్ళం. అందుకని క్లెమ్ పుట్టినప్పటి నుంచీ తల్లితో మాట్లాడిందంతా మొహంతోనే. వాడికి మొదట వచ్చిన భాష అదే అనుకో. నాకూ అంతే. మా ఇద్దరినీ చర్చిలో ఆ చివరొకళ్ళని, ఈ చివరొకళ్ళని కూర్చోబెట్టినా లాభం లేకపోయేది. పాస్టరుగారు ఇటు ప్రార్థన చేస్తుంటే వాడు అటు నుంచి, "హెట్టీ, ఆయన ప్యాంటు వెనక కుట్టు విడిపోయింది చూడు" అనేవాడు, పెదాలతో.

సరే, ఏం చెప్తున్నాను? ఆ, స్టూడియో. మాంచెస్టర్‌లో టీవీ స్టూడియో పెట్టిన కొత్తలో నేను మేకప్ పనిలో చేరాను. క్లెమ్ అప్పటికే మిల్లు మానేసి నాటకాల కంపెనీలో తిరుగుతున్నాడు. వాళ్ళ నాన్న ఏడాదిపాటు మాట్లాడలేదు. "మగాడివై పుట్టి మొహానికి రంగేసుకుంటావురా?" అని. ఆ రంగు వేసేది నేనని తెలిశాక నాతోనూ మాట్లాడలేదు, అది వేరే సంగతి. క్లెమ్‌కి ఇచ్చేవన్నీ చిన్న వేషాలే. పాలవాడు, పోలీసు, టిక్కెట్ కలెక్టరు. లండన్ నుంచి వచ్చిన డైరెక్టరొకాయన ఉండేవాడు, ముక్కుతో మాట్లాడేవాడు. "హార్గ్రీవ్స్, నీ మొహం కాస్త తగ్గించుకోవయ్యా" అనేవాడు. మొహం తగ్గించుకోవడమేమిటే! క్లెమ్ నా దగ్గరికొచ్చి కుర్చీలో కూర్చుని, "హెట్టీ, ఎక్కడ తగ్గించమంటావు, చెవుల దగ్గరా?" అన్నాడు. నేను పౌడరు అద్దుతూ నవ్వితే వాడి ముక్కంతా తెల్లబడింది. అప్పట్లో నాటకాలన్నీ లైవే. ముందు తీసి దాచేదేం లేదు, వాళ్ళక్కడ చేస్తుంటే ఇక్కడ మీ ఇంట్లో కనపడేది. తప్పు చేస్తే దేశమంతా చూసేది. మేం కెమెరాల వెనక తుమ్మినా ఉద్యోగం పోయేది. అందరూ ఊపిరి బిగపట్టి నిలబడితే మేమిద్దరం మాత్రం కబుర్లు చెప్పుకునేవాళ్ళం. వాడు సెట్టు మీద కెమెరా తనవైపు లేనప్పుడు, "ఆకలేస్తోందే, బోటి తిందాం, వెనిగర్ ఎక్కువ వేయించుకుని" అనేవాడు. నేను, "నీ మీసం ఊడొస్తోంది, చూసుకో" అనేదాన్ని. ఒక్కళ్ళకీ తెలిసేది కాదు. అదేనే మా ప్రేమా దోమా అంతా. చేతులు పట్టుకుని తిరిగింది లేదు. నవ్వుతావేం?

ఆ సాయంత్రం సంగతి చెప్పాలి. ఆదివారం, బొగ్గుగని నాటకం. గనిలో దీపాలు ఇచ్చే ముసలాయన, వాళ్ళబ్బాయి లోపల చిక్కుకుపోతాడు. హీరో ఎవరో పెద్దాయన, లండన్ ఆయన, మేనేజరు వేషం. క్లెమ్‌కి ముప్పై నిండలేదు, ముసలాడి వేషం ఇచ్చారు. రెండు గంటలు కూర్చోబెట్టి వాడికి ముడతలు వేశాను, ఒక్కో గీతా. కొడుకు ఇక రాడని తెలిశాక ఇంటికొచ్చి భార్యతో చెప్పే ముక్క ఒకటుంది, అదే వాడికున్న పెద్ద డైలాగు. అది మొదలవబోతుండగా ఫ్లోర్ మేనేజరు చెవులకున్న ఇయర్‌ఫోన్లు చేత్తో నొక్కుకుంటున్నాడు. మొహం పాలిపోయింది. సౌండ్ పోయిందట. బొమ్మ వెళ్తోంది, మాట వెళ్ళడం లేదు. ఆపడానికి లేదు, చేస్తూనే ఉండాలి. అందరూ చేతులు పిసుక్కుంటున్నారు. నేను చేతిలో పౌడరు కుంచెతో కెమెరా పక్కన నిలబడి ఉన్నాను. వాడి కళ్ళు ఒక్క క్షణం నావైపు తిరిగాయి. అన్నాను, పెదాలతో, "క్లెమ్, సౌండ్ పోయింది. ఎవరికీ వినపడటం లేదు." అంతే. రెప్ప కూడా వెయ్యలేదు వాడు. మెల్లగా భార్య వేషం కట్టినావిడ దగ్గర నుంచి తిరిగి, మొహం కెమెరాకి ఎదురుగా పెట్టాడు. కెమెరా వెనకున్న కుర్రాడు మన రోచ్‌డేల్ వాడు, వాడికేం తోచిందో, ఎవరూ చెప్పకుండానే కెమెరా దగ్గరికి తోసుకుంటూ వెళ్ళాడు. క్లెమ్ ఆ ముక్కంతా మీమాలో చెప్పాడే. వాడి కంచం తియ్యకు, బూట్లు పొయ్యి దగ్గరే ఉంచు, పొద్దున్న వెళ్తూ నన్ను పిలిచాడు, నేను పలకలేదు... అంతా. మొహం తగ్గించకుండా. నేను వేసిన ముడతలు కదుల్తున్నాయి, నాకు తెలుసు అవి నా పెన్సిల్ గీతలని, అయినా ఏడుపు ఆపుకోలేకపోయాను. కుంచె కొరికి పట్టుకున్నాను చప్పుడు రాకుండా.

ఇంటి దగ్గరేమైందో మా అమ్మ చెప్పింది. సెలీనా పిన్నికి టీవీ కొనిచ్చాడు క్లెమ్, వీధి వీధంతా అక్కడే చేరేవాళ్ళు. పాపం ఆవిడకి కొడుకు కనపడటమేగానీ ఏమంటాడో తెలిసేది కాదు. "ఆ దొరలందరూ పళ్ళ మధ్య దారం పట్టుకున్నట్టు మాట్లాడతారు, మావాడికీ అదే నేర్పారు" అని విసుక్కునేదిట. ఆ రోజు సౌండ్ పోగానే మగాళ్ళంతా లేచారు. ఒకడు టీవీ నెత్తిమీద కొడతానంటాడు, ఒకడు వెనక తీగ పీకుతానంటాడు. మా అమ్మ అరిచిందిట, "కూర్చోండయ్యా, మాకు వినిపిస్తోంది!" అని. ఆ గదిలో ఉన్న ఆడవాళ్ళందరికీ వినిపిస్తోంది మరి. అప్పుడు సెలీనా పిన్ని లేచి టీవీ పక్కన నిలబడి, చెవులు లేనివాళ్ళ గొంతు ఎలా ఉంటుందో తెలుసుగా, ఎగుడుదిగుడు లేకుండా గట్టిగా, కొడుకు చెప్పే మాటలన్నీ మగాళ్ళకి పైకి చెప్పిందిట. ఒక్క మాట వదల్లేదుట. చెవులు పోయాక పక్కవాళ్ళు ఆవిడకి చెప్పడమేగానీ, ఆవిడ ఒకళ్ళకి చెప్పడం అదే మొదలు. క్లెమ్ వాళ్ళ నాన్న టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడుట, అయ్యేదాకా. మర్నాడు ఇటు కోన్ ఊరి నుంచి అటు బోల్టన్ దాకా ఏ మిల్లులో చూడు అదే మాట. లండన్ పేపర్లు మాత్రం, సాంకేతిక లోపం వల్ల నాటకం చెడింది, పైగా ఒక నటుడు వికారంగా మొహం తిప్పాడు, అని రాశాయి. ఆ నాటకం ఇప్పుడు ఎక్కడా లేదమ్మా. తీసి దాచలేదుగా. గాల్లో వెళ్ళింది, పోయింది. వాడివి ఆ శవపేటికల ఆటలన్నీ ఉన్నాయి, ఆ ఒక్కటి లేదు. ఇంకొక్కసారి చూస్తే బాగుండునని... సరేలే.

దాన్ని చూసే లండన్లో నటులకి వేషాలిప్పించే ఏజెంటొకాయన కబురు పెట్టాడు. వాళ్ళమ్మ మనవైపుదేనట. క్లెమ్ వెళ్ళాలిగా మరి. స్టేషనుకి వెళ్ళాను. రైలు ఆవిరి, కూత, అటు కిటికీ అద్దం వేసేసి ఉంది. లోపల నుంచి, "నాతో వచ్చెయ్యి హెట్టీ" అన్నాడు. నేను, "అమ్మ?" అన్నాను. మా అమ్మకి అప్పటికే పత్తి దుమ్ముతో ఊపిరితిత్తులు పాడయ్యాయి, మెట్లెక్కలేదు. వాడికి తెలుసు. తలూపాడు. "పోనీ ఎదురు చూడనా?" అన్నాడు. "వద్దు" అన్నాను. పెదాలు వద్దన్నాయి. మొహం ఏమందో నాకు తెలీదు, నా ఎదురుగా అద్దం లేదుగా. నాలుగేళ్ళకి పెళ్ళి చేసుకున్నాడు. రోసలిండ్ అని, ఆవిడా నటే. మంచావిడ. నిజంగానే అంటున్నా.

వాడు వెళ్ళిన ఏడాది అనుకుంటా, నేనూ అమ్మా ఏదో దొంగతనాల నాటకం చూస్తున్నాం. బారులో సీను. ముందర ఎవరో పెద్ద నటులు మాట్లాడుకుంటున్నారు, వెనకాల జనం ఊరికే నోళ్ళు కదుపుతూ ఉంటారు చూడు, అలా ఒక మూల క్లెమ్ గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. "హెట్టీ," అన్నాడు, "ఇది బీరు కాదే, చల్లారిపోయిన టీ." నేను కుర్చీలో నుంచి పడ్డంత పనైంది. మా అమ్మ దగ్గుకుంటూ, "ఆ వెధవ నీతో మాట్లాడుతున్నాడే!" అంది. ఇక అప్పటి నుంచి అంతే. పెళ్ళి జనంలో నిలబడి, "కొత్త బూట్లు కరుస్తున్నాయి" అనేవాడు. కోర్టు సీనులో జ్యూరీలో కూర్చుని, "అమ్మకి చెప్పు, ఆదివారం వస్తున్నా" అనేవాడు. నేను పరుగున పోయి చెప్పబోతే సెలీనా పిన్ని అప్పటికే చేతులకి పిండితో, "చూశాన్లేవే, నాకూ కళ్ళున్నాయి" అనేది. ఎక్కడా చెడుమాట అనలేదు, రాకూడని మాట అనలేదు. వాన పడుతోంది, మోకాలు నొప్పిగా ఉంది, నువ్వెలా ఉన్నావు. నువ్వెలా ఉన్నావు అని అడిగితే నేను టీవీకి జవాబు చెప్పేదాన్ని, పిచ్చిదానిలా. తర్వాత మా అమ్మ పోయింది. మిల్లులు మూసేశారు. ఆ భాష వచ్చినవాళ్ళు ఒక్కొక్కళ్ళే పోయారు. చివరికి వాడు దేశమంతటికీ కనపడేలా మాట్లాడుతుంటే వినేదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను.

ఇందాక నువ్వు చూసిన ఆ వేషంతోనే కాస్త పేరొచ్చింది. "కొలతలు తీసుకోమంటారా?" అంటాడే, అది. వీధిలో కనపడితే చాలు, పిల్లల దగ్గర నుంచి పోలీసుల దాకా అదే అనిపించుకునేవాళ్ళు. సెలీనా పిన్ని పోయినప్పుడు వచ్చాడు. శవపేటిక మోసుకుంటూ చర్చి గేటు దాటుతుంటే అవతలి పేవ్‌మెంటు మీద ఎవడో, వాడికి తెలియక, "కొలతలు సరిగ్గా తీశావా?" అని అరిచాడు. జనం బిగుసుకుపోయారు. క్లెమ్ ఆగలేదు. వాడివైపు మర్యాదగా తల వంచి ముందుకు నడిచాడు. గేటు లోపల నావైపు చూసి, "ఆవిడకి వినపడలేదులే" అన్నాడు. పెదాలతోనే. ఏడుపు మొహంతో నవ్వాడు. మనిషిని అంత దగ్గరగా చూడడం నాకదే ఆఖరు.

తర్వాత పక్షవాతం వచ్చింది. ఎడమవైపంతా. ఆ మొహమే కదే వాడి ఆస్తి, సగం చచ్చిపోయింది. అయినా పాత డైరెక్టరొకాయన పిలిచి ఆసుపత్రి సీరియల్లో రోగి వేషం ఇచ్చాడు. మాటల్లేవు, మంచం మీద పడుకోవడమే. ఆ తర్వాత మూడు నెలలే బతికాడు. వాడు పోయాక వచ్చింది రోసలిండ్, ఇదిగో, ఇక్కడే కూర్చుంది, ఆ సీరియల్ కేసెట్టు పట్టుకుని. "హెట్టీగారూ, డాక్టర్లు మాట్లాడుకుంటుంటే వెనక మంచం మీద ఈయన ఏదో అంటున్నారు. ఆ ముక్క తీసేద్దామంటే అస్సలు ఒప్పుకోలేదట. ఏమన్నారని నేనడిగితే నవ్వారు. మీకైతే తెలుస్తుందేమోనని వచ్చాను" అంది. ఆవిడకి ఎప్పటి నుంచి తెలుసో నేనడగలేదు, ఆవిడా చెప్పలేదు. ఇద్దరం చూశాం. వెనక్కి తిప్పి మళ్ళీ చూశాం. నా పేరు అన్నాడు, అది తెలిసింది, అది కుడివైపు పెదవితో వచ్చేస్తుంది. ఆ తర్వాత చాలా చెప్పాడే. చాలాసేపు చెప్పాడు. ఇటు పెదవి కదుల్తోంది, అటు పెదవి కదలడం లేదు, సగం మాట ఉంది, సగం లేదు. "తెలియడం లేదండీ" అన్నాను. రోసలిండ్ నా చెయ్యి పట్టుకుని అలాగే కూర్చుంది, టీ కూడా తాగలేదు.

ఆ కేసెట్టా? ఉంది. ఇప్పటికీ చూస్తాను. ఒక్కోసారి వచ్చేసింది, అందింది అనిపిస్తుంది, మళ్ళీ జారిపోతుంది... ఏమిటీ, పెదాలు చదవడంలో చదువుకున్నవాళ్ళు ఉంటారా? మీ కాలేజీలోనా? వాళ్ళకి చూపిస్తే చెప్పేస్తారా?

వద్దమ్మా. నాతో అన్నాడు.

లే, చినుకులు పడుతున్నాయి, దండెం మీద దుప్పట్లున్నాయి.