వాపసొచ్చిన డబ్బా

హలో… ఆ, నేనే. రాజలింగును, క్యాంపస్ హాస్టల్ నుంచి. పార్థసారథి సార్, పొద్దటి సంది ఫోన్ మీద ఫోన్ కొడుతున్న, ఎత్తరేంది?…

షట్టర్ సగం దించుకొని లోపల కూసున్నరా? బంద్ ఇయ్యాల గాదు సార్, రేపు… నాకెట్ల ఎర్క అంటే— పిలుపిచ్చిందే మేము గద.

సరే, గది ఇడిసిపెట్టుండ్రి. మొన్న తార్నాకల మీ దుకాణంల ఒక డబ్బా కొన్న, యాదికున్నదా? కంప్యూటర్ లోపల బిగించి, దానికి కరెంటిచ్చే డబ్బా. ‘కస్టమర్ రిటర్న్’ అని స్టిక్కర్ ఉండె… ఆ, గదే. సగం ధరకిచ్చిన్రు. "రిటర్న్ అంటే భయపడకు బాబూ, ఎవరో విప్పి చూసి తిరిగిచ్చారంతే" అన్నరు. నేను నమ్మిన…

ఏమైందా? ఆన్ చేస్తే మంచిగనే వస్తది. నాలుగు లైన్లు కొట్టంగనే— టప్. నల్లగ అయితది. మళ్ల తనంతట తనే మొదటికెల్లి లేస్తది…

వైరస్ గాదు సార్…

సేవ్ చేస్తున్న. లైనుకొకసారి చేస్తున్న…

ఆడలేక మద్దెల ఓడా? నన్నే అంటున్నరా? సార్, నా పరేషాన్ మీకు తెలుస్తలేదు. ఇయ్యాల సాయంత్రం లోపల థీసిస్ చివరి చాప్టరు ఇయ్యాలె. ఉద్యమం ఉన్నదని రెండుసార్లు గడువు పెంచిన్రు, ఇగ పెంచరు. ఇయ్యకుంటే నా పీహెచ్‌డీ రద్దయితది…

బీడీలు చేసే ఆడోళ్ల మీద… ఆ, మా అమ్మ గూడ బీడీలే చేస్తది. సాలమ్మ కొడుకు డాక్టరైతున్నడని ఊరంత చెప్పుకున్నది. సూదిచ్చే డాక్టర్ గాదమ్మా అంటే ఇనదు. మోకాళ్ల నొప్పులున్నోళ్లందరు నా కోసం చూస్తున్నరట… మీరు నవ్వుతున్నరు గని, నాకు భయమైతున్నది సార్. నిజంగనే భయమైతున్నది.

తీసుకొచ్చిన గద నిన్న? మీ బల్ల మీద పెడితే ఎంతసేపైనా కదలకుండ నడిచె. మీ ముందట బుద్ధిమంతుడు. గీడికొస్తే మళ్ల గదే కత…

ఏంది? మా క్యాంపస్ గాలి తగిలి అది గూడ సమ్మె చేస్తున్నదా? బాగున్నది సార్. దుకాణం బోర్డు మీద పెద్దక్షరాలతోని ‘జై తెలంగాణ’ రాయించుకున్నరు, లోపలి డబ్బాలకు ఏం నేర్పిన్రో మరి…

సరే, ఒక్కటి చెప్పుండ్రి. దీన్ని వాపసిచ్చిన కస్టమర్ ఎవరు?… చూసి చెప్పుండ్రి, ఆగుత.

కృష్ణనా? పొడుగ్గ, గడ్డం… మా పక్క గదోడు సార్. ఎందుకిచ్చిండు?… తనంతట తనే బంద్ అయితున్నదని.

వాని కన్న ముందట?… భూమిక. లేడీస్ హాస్టల్. గదే రోగం…

లేదు లేదు, మిమ్మల్ని అంటలేను. మీ కాడ మంచిగ నడుస్తున్నది, అందుకే మళ్ల అమ్ముతున్నరు. ఒప్పుకుంటున్న. మీ కాడ నడుస్తది, మా కాడ నడుస్తలేదు. మీ దుకాణంల లేనిది మా హాస్టళ్లల్ల ఏమున్నది—

ఒక్క నిమిషం సార్, మా గదోణ్ని అడుగుత. అరే లక్ష్మయ్యా, బల్బు గట్ల గుడ్డిదైందేంది?… ఇప్పుడు ఏం పెట్టినవ్?… అన్నమా.

సార్… ఉన్నరా? నవ్వనంటే ఒక మాట చెప్త.

మెస్సు బంద్ ఉన్నది గద. అందరం గదులల్లనే వండుకుంటున్నం… ఆ, కరెంటు పొయ్యిల మీద. తీగ ఎర్రగ కాలుతది సూడు, గవే. వార్డెన్‌కు కనపడకుండ మంచం కింద పెట్టుకుంటం. ఫ్లోరంత ఒక్కపారి పెట్టిన్రంటే కరెంటు సగానికి పడుతది, నా సిస్టం పండుకుంటది. మీ డబ్బా తప్పేం లేదు సార్…

మా గదిల గూడనా?… రెండున్నయి. ఒకటి నా టేబుల్ కిందనే, కంప్యూటర్ పెట్టిన ప్లగ్గుకే. నేను టైపు కొట్టుకుంట పప్పు పెడుత…

నవ్వనన్నరు సార్.

మీ ఇన్వర్టర్ కాడికి తెచ్చుకోవాల్నా? ఎట్ల తేను? నిన్న తోవ ఉండె, ఇయ్యాల గేటు కాడ ముళ్లకంచె ఏసిన్రు. గింత డబ్బా సంకల పెట్టుకొని పోతే పోలీసోళ్లు నన్ను ఇడుస్తరా?… ఆగుండ్రి. కట్ చేయకుండ్రి.

అన్నా… తమ్మీ… అందరు ఒకసారి బయటికి రాండ్రి. నా థీసిస్ ఆగిపోయింది. పొయ్యిలు జెర బంద్ పెట్టుండ్రి, నా చాప్టరు అయ్యేదాక… ఎర్కే, ఆకలైతున్నదని ఎర్కే. నేను గూడ తినలే… తిట్టు కృష్ణా, తిట్టుకుంటనే ప్లగ్గు తియ్యి.

సార్… బల్బు వెలుతురు పెరిగింది. ఆన్ చేస్తున్న… నాలుగు లైన్లు అయినయి… పేజీ అయింది. నడుస్తున్నది సార్.

వాపసా? ఇగ ఇయ్య. కృష్ణ వచ్చి నిలబడ్డడు, దీన్ని మీకిచ్చి డబుల్ ధర పెట్టి కొత్తది కొన్నడు గద. నా మొఖం చూస్తలేడు, డబ్బానే చూస్తున్నడు…

లేదు, ఎవ్వరు లోపలికి పోలే. గిన్నెలు ముందట పెట్టుకొని నా తలుపు కాడ వరుసగ కూసున్నరు. "బీడీల ముచ్చట జల్ది ముగించు అన్నా" అంటున్నడు లక్ష్మయ్య. నవ్వొస్తున్నది, ఏడుపు గూడ వస్తున్నది సార్…

తర్వాత మాట్లాడుత. పెట్టేస్తున్న. ఫ్లోరందరి బియ్యం ఇంక నీళ్లల్లనే ఉన్నయి.