చెరువులో పాపాఘ్ని ఇసక

ఆ ఇసకనా? నీకూ కంటబడిందా. కూసో, చెప్తా. చుట్టూ నల్లరేగడి, నిండితే నీళ్లు పొర్లిపోయే మరవ పక్కన చెరువు లోపల ఆ ఒక్క తావున తెల్లగా ఇసక ఏందని అందురూ అడుగుతారు. అది మా నాయన పోసిందప్పా, లేవి ఆయన పేరు. మా నాయన ఈ ఊరి నీరుగట్టి. చెరువు నీళ్లు ఎవురి మడికి ఎంతసేపు పారాలో ఆయనే చూసేది. చెరువులో ఎవురన్నా చారెడు మన్ను ఏసినారా, పార ఎత్తుకోని ఎంటబడేటోడు. రెడ్డయినా సరే. "నీళ్లుండే తావున మన్నెందుకప్పా" అనేటోడు. అట్లాంటోడు చెరువులో ఇసక పోసినాడంటే... ఉండు, నా నశ్యం డబ్బీ యాడ పెట్టినా? ఆ, ఈడే ఉండాది.

తెల్లోళ్ల కాలం అది. అప్పుడు వేంపల్లెలో ఉండిన పాస్టరయ్య అంతకు ముందు నెల్లూరు పక్క సముద్రం కాడ పని చేసినోడు. ఆయనే సంబంధం తెచ్చినాడు. మా అమ్మ జీవమ్మ ఆ సముద్రం కాడి పిల్ల. పిల్లను చూసేకి పోయింది ఆదివారం నాడు. చర్చి పక్కూర్లో ఉండాది, దావంతా సముద్రం ఒడ్డే. చెప్పులు చేత పట్టుకోని ఇసక దిబ్బలెక్కి దిగి అందురూ చర్చికి నడుస్తాండారు. మా నాయన మాత్రం నిలబడిపాయ. పుట్టినాక అన్ని నీళ్లు చూడలా. "కట్ట యాడుండాది? తూము యాడ? ఈ నీళ్లు ఎవురి మళ్లకు పోతాయి మామా?" అన్నాడంట. "యే మళ్లకీ పోవు నాయనా" అన్నాడు పిల్ల తండ్రి. కడుపు మండిపాయ మా నాయనకు. చూపులకని కట్టుకున్న కొత్త పంచె ఎగ్గట్టి, అల వచ్చి ఎనక్కి పోతాంటే దానికి అడ్డం ఇసకతో గట్టు ఏసినాడు. ఇంకో అల వచ్చె, గట్టు పాయ. మళ్లా ఏసినాడు. వలలు లాగేటోళ్లు లాగేది ఇడిచిపెట్టి నవ్వుతాండారు. పాస్టరయ్య తల పట్టుకోని కూసున్నాడు. దిబ్బ మీద నిలబడి చూస్తాండిన మా అమ్మ వాళ్ల పక్క మాటలో "వదిలెయ్యండి, రానీండి దాన్ని" అనింది. "వీడికి పిచ్చి, ఈ పెళ్లొద్దు" అన్నాడంట వాళ్లన్న. "నీళ్లంటే ఇంత ప్రేమున్నోడు మనిషిని ఎండబెట్టడులే" అని ఈమె ఒప్పేసుకునింది.

ప్రేమ ఉంటే చాలా, వాన ఉండొద్దా? ఈమె కాపురానికొచ్చిన ఏడాదే చెరువు ఎండిపాయ. నేలంతా నెర్రెలు. "చెవుల్లో సముద్రం హోరు లేకుంటే చెవుడొచ్చినట్టుంది" అని ఏడ్చేదంట. మా నాయన బతిమాలి గండి కొండ మీదికి పిల్చుకోని పోయి, అంచున నిలబెట్టి కింద పాపాఘ్ని ఏటిని చూపిచ్చినాడు. "చూడు, మీ ఊరి లెక్కనే లేదా?" ఏట్లో చుక్క నీళ్లు లేవు. "ఇసకుంది, సముద్రమేదీ?" అనింది మా అమ్మ. ఇంటికొచ్చి పెట్టె సర్దుకునింది. "పుట్టింటికి పోతే మళ్లా వస్తానో రానో నాకే తెలీదు" అనింది. "వాన పడేదాకా ఉండు, ఆ పైన నేనే బండి కడతా" అన్నాడు నాయన. మరుసటి దినం నుంచి గంప నెత్తిన పెట్టుకోని పాపాఘ్ని ఇసక మోసుకొచ్చి చెరువులో పోస్తాండాడు. ఊరంతా ఎగబడె. "చారెడు మన్నేస్తే కొట్టనీకి వస్తివి, ఇప్పుడిదేంది లేవీ?" అని రెడ్డి పుల్లన్న అరిచినాడు. "ఇసక ఒక తావున, నీళ్లు ఒక తావున ఉంటే ఆ పిల్ల యాడుండల్ల రెడ్డీ" అన్నాడంట.

వాన వచ్చె, చెరువు మరవ పారె. గాలికి నీళ్లు చిన్న చిన్న అలలై ఇసక మీదికొచ్చి పోతాండాయి. మా అమ్మ చెప్పులిడిచి ఆ కొస నుంచి ఈ కొసకు నడుస్తాండాది. మా నాయన అన్న మాట ప్రకారం బండి కట్టి, పెట్టె ఎక్కిచ్చి, ఏమంటాదోనని కట్ట మీద నిలబడినాడు. అల వచ్చి ఇసకను కోస్తాంటే చెయ్యి ఊరుకోలా ఆయనకు. పార ఎత్తుకోని గట్టు ఏసేకి దిగినాడు. మా అమ్మ ఎనక్కి గూడా తిరగలా. "ఇడిసిపెట్టప్పా, రానీ దాన్ని" అనింది. ఆ పొద్దే మొదటిసారి ఆమె నోట మన పక్క మాట.

నాయన ఎద్దులు ఇప్పి మేతకు తోలినాడు. ఈ డబ్బీ మూత యాడ పడిందో రోంత చూడప్పా, నాకు కండ్లు ఆనవు.