సున్నా కాగితం

పిండిమర ముందు గది. నేల మీద విప్పిన కాటా. దాని ముందు కాటా మెకానిక్, బల్ల దగ్గర అతని వదిన, భార్యకి అక్క. మధ్యాహ్నం.

“నేను కాటా బాగుచేసే మనిషిని పంపమన్నాను. మీరెందుకు వచ్చారు?”

“నేనూ ఆ పనే చేస్తాను కదా, వదినా.”

“ఎప్పుడూ మీ షాపు పొడుగాయన వచ్చేవాడు.”

“ఆయనకి నడుం పట్టేసింది.”

“నిజంగానా?”

“…లేదు. నేనే వెళ్తానని చెప్పాను.”

“ఆరేళ్ల తర్వాత.”

“ఆరు కాలేదు. ఐదేళ్ల ఎనిమిది నెలలు.”

“తూకం బాగా తెలుసు మీకు.”

“మీరు అంటున్నావేంటి వదినా. ఇదివరకు నువ్వనేదానివి.”

“ఇదివరకు మరిదివి. ఇప్పుడు కాటా మెకానిక్‌వి. బయటివాళ్లని మీరనే అంటాం. చూడండి, దానికేమొచ్చిందో.”

“పళ్లెం మీద ఏమీ లేకపోయినా నలభై గ్రాములు చూపిస్తోంది.”

“అందుకేగా పిలిచింది. నిన్న ఒక ముసలాయన కాటా మీద నా చెయ్యుందేమోనని వంగి మరీ చూశాడు. చెయ్యొక్కటేనా, కాలు కూడా చూసుకో తాతా అన్నాను.”

“లోపలికి పిండి దిగింది. విప్పి తుడిస్తే పోతుంది. గంట పడుతుంది.”

“మూడున్నరకల్లా అయిపోవాలి.”

“మూడున్నరకి ఏముంది?”

“స్కూలు వ్యాను వస్తుంది.”

“పాప… ఒకటో తరగతా?”

“స్క్రూలు జాగ్రత్త. గింజల్లో పడితే మరలోకి పోతాయి.”

“ఎవరి పోలిక వదినా?”

“స్క్రూలు జాగ్రత్త అన్నాను.”

“అన్నయ్య లేడా?”

“మరకి బెల్టు తేవడానికి వెళ్లారు. మీ అదృష్టం. ఉంటే ఆ కాటా ఈపాటికి మీ నెత్తిన ఉండేది.”

“అన్నయ్య కొట్టే మనిషి కాదు.”

“మీరు అరిచే మనిషి కాదని మేమూ అనుకున్నాం. ఆ సంచిలో ఏముంది?”

“పనిముట్లు. గుడ్డ. ఆ పెట్టెలో తూకం రాళ్లు.”

“ఇటివ్వండి, చూస్తాను.”

“చూడు. రాళ్లు బరువు, వేలి మీద పడేసుకుంటావ్.”

“ఇంతేనా? ఇంకేం లేవా?”

“ఇంకేముంటాయి?”

“జేబులో?”

“పెన్ను. ఏంటి వదినా, పోలీసువాళ్లలాగా.”

“ఏమీ తేలేదన్నమాట.”

“పాపకి ఏదైనా కొనాల్సింది. తోచలేదు.”

“నేనడిగింది అది కాదు. సరే. టీ తాగుతావా?”

“తాగుతాను.”

“పంచదార ఎక్కువేగా, ఇప్పటికీ?”

“ఎక్కువే. గుర్తుందే నీకు.”

“చెల్లెలు చెప్పేది. మా ఆయన టీ తాగడు, టీ కలిపిన పంచదార తింటాడని. ఇదిగో, వేడిగా ఉంది, అంచు పట్టుకో. పెళ్లి చేసుకుంటున్నావట.”

“ఎవరు చెప్పారు?”

“పొడుగాయన. నడుం సంగతేమో గానీ నోటికి మాత్రం ఏ జబ్బూ లేదాయనకి.”

“ఇంకా ఏమీ తేలలేదు. బట్టలు కుట్టే ఆవిడ. ఆవిడకీ మొగుడు పోయాడు.”

“నీ జబ్బు సంగతి చెప్పావా?”

“అంతా చెప్పాను. బీజానికి కేన్సరొచ్చిందని, ఒకటి తీసేశారని, నాలుగు నెలలు మందులెక్కించారని, జుట్టంతా ఊడి మళ్లీ వచ్చిందని. పిల్లలు పుట్టరని కూడా చెప్పాను.”

“పుట్టరని.”

“…అలాగే చెప్పాను.”

“ఇంకా అదే మాట మీదున్నావు.”

“అప్పటికి అదే అనుకున్నాను వదినా.”

“మందులు ఆపిన మూడు నెలలకి వీర్యకణాల పరీక్ష చేశారు. సున్నా అన్నారు. ఆ డాక్టరు ఇంకో మాట కూడా అన్నాడు. ఏమన్నాడు?”

“నీకు తెలుసు కదా.”

“నీ నోటితో వినాలి.”

“ఇది ఇప్పటి లెక్క, రెండేళ్లాగి మళ్లీ పరీక్షకి రమ్మన్నాడు.”

“వెళ్లావా?”

“వెళ్లలేదు.”

“ఊళ్లో కాటాలన్నీ ఏడాదికోసారి విప్పుతావు. పరీక్ష చేసి కొత్త ముద్ర వేయిస్తావు. పాత ముద్రతో తూస్తే చెల్లదని మాతో పోట్లాడతావు. నీ సున్నాకి మాత్రం ఆ ఒక్క ముద్రే, జన్మంతా.”

“ఇదే మాట అంది. మీ చెల్లెలు. అచ్చం ఇలాగే.”

“దాని దగ్గర విన్నదే అంటున్నాను. నువ్వేమన్నావో కూడా చెప్పింది.”

“చెప్పిందా?”

“సున్నాని ఎన్నిసార్లు తూచినా సున్నాయే అన్నావట. ఒక్కసారి పరీక్ష చేయించుకో, నీ కాళ్లు పట్టుకుంటానందట. డాక్టరు దగ్గరికి తనే వెళ్లి చీటీ రాయించుకొస్తే చింపేశావట. ఆ తర్వాత కడుపు ఎవడిదని అడిగావు. ఐదో నెలప్పుడు. చెప్పులు కూడా లేకుండా వచ్చింది ఇక్కడికి.”

“చెప్పులు పంపాను తర్వాత.”

“పంపావు. పొడుగాయన చేత. నువ్వు రాలేదు.”

“ఉన్నాయా ఆ చెప్పులు?”

“ఎందుకు?”

“ఊరికే.”

“అవి వచ్చేసరికి దాని కాళ్లు వాచాయి. పట్టలేదు. ఒక్కరోజు కూడా వేసుకోలేదు. టీ చల్లారిపోతోంది.”

“వదినా, నేను రాయి పెడతాను. అక్కడ అంకె ఎంతుందో చదువు.”

“నువ్వే చూసుకోవచ్చుగా.”

“నేను ఇటుపక్క స్క్రూ పట్టుకున్నాను, కనపడదు. చదువు.”

“ఐదు. ఆ పక్కన అన్నీ సున్నాలు. ఏమైంది, ఆగిపోయావు?”

“గొంతు ఒకటే మీ ఇద్దరిదీ.”

“ఎవరి గొంతు?”

“షాపులో నేను రాయి పెడితే అది నిలబడి అంకె చదివేది. ఐదు, సున్నా సున్నా సున్నా. పాట పాడినట్టు. ఇప్పటికీ రాయి పెట్టి ఆగుతాను వదినా. పనివాళ్లు చూస్తుంటారు, ఏంటి ఈయన ఆగాడని. ఎవరో చదువుతారని ఆగుతాను. ఖాళీ పళ్లెం తుడిచేటప్పుడు మరీ. పక్కనే నిలబడ్డట్టుంటుంది. చీర అంచు కాలికి తగిలినట్టు. తలెత్తి చూడను.”

“ఎందుకు చూడవు?”

“చూస్తే ఉండదు కదా. కాన్పు రోజు నువ్వు మూడుసార్లు ఫోన్ చేశావు.”

“ఆ సంగతి ఇప్పుడెందుకు?”

“రెండుసార్లు ఎత్తలేదు. మూడోసారి ఎత్తాను.”

“ఎత్తావు. రక్తం ఆగట్లేదు, రమ్మంటోంది, ఒక్కసారి రా అని ఏడిచాను. ఏమన్నావు?”

“కోపంలో అన్నాను.”

“ఏమన్నావు?”

“ఎవడిదో వాణ్ణే పిలుచుకోమన్నాను.”

“ఫోను దాని పక్క మీదే ఉంది. స్పీకర్ ఆన్‌లో ఉంది.”

“…విందా?”

“వింది.”

“ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు.”

“ఎవరు చెప్పాలి? నోటితో మళ్లీ పలకగలిగే మాట కాదది.”

“స్పీకర్లో ఉందని నాకు తెలీదు వదినా.”

“తెలిస్తే వేరే మాట అనేవాడివా?”

“…తెలీదు.”

“ఈ ఒక్క మాట నిజం చెప్పావు. తుడవడం ఆపేశావే?”

“తుడుస్తున్నాను.”

“అడుగుతున్నాను, సూటిగా చెప్పు. కాటా కోసం కాదుగా వచ్చింది?”

“కాదు.”

“మరి?”

“పాపని చూద్దామని.”

“ఎవరి పాపని?”

“మీ చెల్లెలి పాపని.”

“వచ్చిన దగ్గర్నుంచీ మీ చెల్లెలు, మీ చెల్లెలు. అది నీకేమీ కాదా? మళ్లీ చెప్పు.”

“నా భార్య పాపని.”

“ఆ. ఎవరూ పంపలేదు కదా?”

“లేదు.”

“ఎవరూ ఏమీ చెప్పలేదు కదా నీకు? నీ అంతట నీకే బుద్ధి పుట్టి వచ్చావు.”

“…అనుకో.”

“అనుకో కాదు. అవునా?”

“అవును వదినా.”

“ఆ మొహం తుడుచుకో. పిండి కొట్టుకుని పెళ్లికొడుకులా ఉన్నావు. అక్కడ పంపుంది, చేతులు కడుక్కో. ఆ స్టూలు మీద కూర్చో.”

“కూర్చోనా?”

“వ్యాను వచ్చే వేళైంది. దానికి కొత్తవాళ్లంటే సిగ్గు. నువ్వు ముందు పలకరించకు, నా వెనక దాక్కుంటుంది. కాటా మీద అంకె చదవమను. ఎక్కడ అంకె కనపడ్డా చదివేస్తుంది. బస్సు మీదా, గోడ మీదా, మందు సీసా మీదా.”

“అంకెలు చదువుతుందా?”

“ఎవరూ నేర్పలేదు. కళ్లు కడుక్కో ముందు, ఎర్రగా ఉంటే భయపడుతుంది.”

“నిన్నేమంటుంది?”

“అమ్మా అంటుంది. మీ అన్నయ్యని మాత్రం పెద్దనాన్నా అంటుంది. మేమే అలా నేర్పాం.”

“ఎందుకు?”

“నాన్న వేరే ఉన్నాడు కదా. కాటాలు బాగుచేస్తాడు, పనిమీద తిరుగుతుంటాడు, ఎప్పుడో ఒకప్పుడు వస్తాడు అని చెప్పాను. దారిలో ఏ కొట్టుముందు కాటా కనపడ్డా ఆగి చూస్తుంది.”

“నేనని చెప్పావా? నేనన్న మాట విన్న తర్వాత కూడా?”

“మరెవరని చెప్పాలి?”

“వదినా, నువ్వు… నువ్వెప్పుడూ అనుమానపడలేదా?”

“అనుమానం దేనికి? అది నా చెల్లెలు. నీదే అని చెప్పింది. ఇంకేం కావాలి?”

“నువ్వు ఇంత మంచిదానివి. నీ దగ్గర దాచకూడదు.”

“ఏంటి దాచింది?”

“ఒక్క నిమిషం. ఆ పెట్టె ఇటివ్వు.”

“రాళ్లు చూశానుగా ఇందాక.”

“రాళ్ల కింద గుడ్డ ఉంటుంది. దాని అడుగున.”

“ఏంటది?”

“చూడు. నువ్వే చదువు.”

“ఏంటది అంటున్నాను.”

“నువ్వు నమ్మింది నిజం వదినా. ఆ కుట్టుపని ఆవిడ వాళ్లన్నయ్య నన్ను కాగితం అడిగాడు. పిల్లలు పుట్టరన్నావు కదా, డాక్టరు రాసిచ్చింది చూపించు, రేపు మా చెల్లెల్ని గొడ్రాలని అనకూడదు అన్నాడు. పాతది ఎక్కడో పోయింది. సరే అని అదే ఆసుపత్రికి వెళ్లాను. సున్నా అని రాయించుకొద్దామని వెళ్లాను. సున్నా రాలేదు. కణాలు ఉండాల్సినన్ని ఉన్నాయన్నాడు డాక్టరు. నేను ఒప్పుకోలేదు, మళ్లీ చేయమన్నాను. మళ్లీ అదే. మందులు ఆపాక రెండు మూడేళ్లకి చాలామందికి తిరిగొస్తాయట. ఒక్కటి మిగిలినా చాలట. మీకు ఎప్పుడో వచ్చి ఉండాలి, మళ్లీ పరీక్షకి ఎందుకు రాలేదు అని నన్నే అడిగాడు. వదినా, పాప నాదే. నాదే వదినా.”

“ఆ కాగితంలో పాప సంగతి రాసుందా?”

“లేదు. కానీ అర్థం అదే కదా.”

“ఎప్పుడిచ్చారిది?”

“నిన్న సాయంత్రం.”

“నిన్న ఇచ్చారు. ఇవాళ వచ్చారు.”

“మళ్లీ మీరంటున్నావు.”

“కాటా అయిపోయిందా?”

“అయిపోయింది. చూడు, ఖాళీ పళ్లానికి సున్నా చూపిస్తోంది.”

“బిగించండి. పెట్టె సర్దండి.”

“పాప వచ్చే వేళైందిగా. కూర్చోమన్నావు కదా.”

“అందుకే తొందరగా సర్దండి.”

“ఇందాక ఏమీ తెలీకుండానే కూర్చోమన్నావు. ఇప్పుడు సంతకం ఉంది, ముద్ర ఉంది, ఇప్పుడు పొమ్మంటున్నావా?”

“ముద్ర కనపడుతోంది.”

“కాగితం వద్దంటావా? ఇదిగో, చింపేస్తాను. చూడు, చింపేశాను.”

“చింపితే చదవనట్టవుతుందా? మీకు చీటీలు చింపడం అలవాటే.”

“నీకేం కావాలో చెప్పు వదినా. కాళ్లు పట్టుకోమంటే పట్టుకుంటాను.”

“ఆ మాట అదీ అంది, మీతో. లేవండి.”

“దూరం నుంచి చూసి వెళ్తాను. పలకరించను. అంకె చదివితే విని వెళ్తాను, అంతే.”

“అదుగో, హారన్. వెనక తలుపు తీసే ఉంది. గోధుమ బస్తాల పక్కనుంచి వెళ్లండి.”

“ఎందుకో ఒక్క మాట చెప్పు. చెప్తే వెళ్తాను. నీకు దాని మీద ఒట్టు.”

“మీ ఫోను పెట్టేశాక అది నా చెయ్యి పట్టుకుంది. ఆయన ఎప్పుడో ఒకప్పుడు వస్తాడక్కా, ఏ కాగితం లేకుండా వస్తే బిడ్డని ఆయన చేతుల్లో పెట్టు, కాగితం పట్టుకుని వస్తే మాత్రం కంటికి కూడా చూపించకు అంది. అదే ఆఖరి మాట. ఇందాక మీ సంచి వెతికింది అందుకే. ఏమీ లేదనే టీ పెట్టాను.”