కౌంటర్ మూసిండ్రట

ఏం బిడ్డా, ఇయ్యాలన్న తెరిచిండ్రా? సంతోషం. మళ్ల ఎప్పుడు మూస్తరో గది గూడ చెప్పు, యాదికి పెట్టుకుంట.

నవ్వకు. నేను నవ్వులాటకు అంటలేను. మొన్న శనివారం మూసిండ్రు. అంతకుముందు బుధవారం మూసిండ్రు. ఆదివారమంటె సరే, ఎవలైన మూస్తరు. గిన్నిసార్లు షట్టర్ గుంజితె మా అసొంటి ఊరోళ్లు యాడికి పోవాలె? ఒక్క నెల బస్సు పాసు కోసం మా తమ్ముడు ఎన్నిసార్లు వచ్చి తిరిగిపోయిండో తెలుసా నీకు? వాడు పనిపాట లేనోడు గాదు. కాలేజీల లెక్కల సారు. క్లాసులు ఇడిసిపెట్టి వచ్చిండు.

ఆఁ? ఏమన్నవ్?

మూయలేదా? శనివారమా?

నీది మూయకపోవచ్చు, పక్క కౌంటర్ మూసిండ్రేమో. ఏందీ, ఈడ ఉన్నది గీ ఒక్కటేనా? అట్లనా.

అయితె వాడొచ్చిన యాళ్లకు నువ్వు బువ్వ తినపోయినవ్. గంతె అయ్యుంటది. మనిషన్నంక తినదా మరి. సరె, నీతోని లొల్లి పెట్టుకునేటందుకు రాలె. పాసు రాయి.

నాకు గాదు. నాకెందుకు పాసు? ఆడోళ్లకు ఫ్రీయే గద. ఆధార్ చూపిస్త, కండక్టర్ జీరో టికెట్ కొడ్తడు, కూసుంట. పాసు గాయినకు. గా బెంచి మీద మెడకు తువ్వాల సుట్టుకొని కూసున్నడు చూడు, ఆయనకు. మా ఇంటాయన. శ్రీపాల్ పేరు. మాది ఘనపూర్, భూపాలపల్లి జిల్లా.

గొంతుల గడ్డ లేసింది బిడ్డా. గడ్డ కరగనీకె పెద్ద దవాఖానల మిషన్ కింద కరెంటు పెడ్తున్నరు. ఆరు వారాలు పెట్టాలె. శని, ఆదివారాలు ఇడిసి రోజూ పోవాలె. నడుమ తెగొద్దన్నడు డాక్టర్. ఒక్క దినం ఎగ్గొట్టినా లోపల గడ్డ మళ్ల తల లేపుతదని వేలు చూపెట్టి మరీ చెప్పిండు. మాట్లాడితె గొంతు మండుతది ఆయనకు. గందుకే లైన్ల నేను నిలబడ్డ.

ఏ పాసు అంటె నాకేం తెలుసు? నువ్వే చెప్పు. ఆర్డినరీదా, ఎక్స్‌ప్రెస్‌దా? ఆర్డినరీ పాసుతోని ఎక్స్‌ప్రెస్ ఎక్కనియ్యరా? అయితె అది వద్దు. మేముండే మా తమ్ముని ఇంటి కాడికి ఆర్డినరీ బస్సు చుట్టాల లెక్క ఎప్పుడో వస్తది. ఎండల నిలబడితె ఆయనకు కండ్లు తిరుగుతున్నయి. ఎక్స్‌ప్రెస్‌దైతె రెండూ ఎక్కొచ్చా? గది మంచిగున్నది.

మెట్రో రైలా? వద్దు తల్లీ. ఒకపారి పోయినం. గా నడిచే మెట్ల మీద ఆయన కాలు పెట్టనే పెట్టడు. మెట్లే నడుస్తుంటె నేనెందుకు ఎక్కాలె అని ఆగిపోయిండు. ఎనకొచ్చే పిల్లలు నవ్విండ్రు. నాకు గూడ నవ్వొచ్చింది, ఆయన మొఖం చూసి మింగుకున్న.

ఎక్స్‌ప్రెస్‌దే రాయి.

నీ మాట వింటె మన దిక్కే అనిపిస్తంది. యాడ మీది? మానుకోటనా? చూసినవా, నేననుకున్ననే. సుజాత నీ పేరు, గాడ రాసున్నది. నీతోని మాట్లాడితె పానం తీరుగున్నది బిడ్డా. మా తమ్మునింట్ల నోరు తెరవాల్నంటెనే భయమైతది. అక్కా, కొంచెం మెల్లగా మాట్లాడు, పక్క ఫ్లాట్ వాళ్లు వింటారు, అంటడు. వింటారు అంట! టేకుమట్లల పుట్టినోడు, నా చేతులల్ల మాటలు నేర్చినోడు, నాకే మాట్లాడుడు నేర్పిస్తుండు.

ఆధారా? ఇగో. కానీ బిడ్డా, గిది ఊరి ఆధార్. ఘనపూర్ అడ్రస్ ఉన్నది. హైదరాబాద్ అడ్రస్ లేంది పాసు రాయరట గద? దామోదర్ అన్నడు. గదే మా తమ్ముడు. కౌంటర్ల అడిగితె ఊరి అడ్రస్ నడ్వదన్నరక్కా అని చెప్పిండు.

నడుస్తదా?

ఏ ఊరిదైన? ఎప్పటికెల్లి? ఈ మధ్య మారిందేమో రూలు. మొదటికెల్లి గిట్లనేనా?

మల్ల వానికెవలు చెప్పిన్రు?

లేదు, నువ్వు జర గుర్తు చేస్కో. పొడుగ్గ ఉంటడు, కండ్లద్దాలు, చేతుల హెల్మెట్ పట్టుకొని వస్తడు. నెత్తి మీద ఎంటికలు పల్చగైనయి. వచ్చి మా బావకు నెల పాసు కావాలె అని అడగలేదా? యాదికి లేదా? రోజుకు గింతమంది వస్తరు, నీకేం యాదుంటది. అన్ని మొఖాలు ఒక్కతీరే కనిపిస్తయి.

ఫోటోనా? తెచ్చిన. ఎనక తెల్లగ ఉండాల్నట గద. మొదలు ఇచ్చిన ఫోటో ఎనక నీలంగ ఉన్నదని వాపస్ కొట్టిండ్రట, దామోదరే చెప్పిండు. గందుకే మళ్ల దిగిపిచ్చిన.

ఏందీ, ఫోటోనే అక్కర లేదా? కంప్యూటర్లనే తీస్తరా? ఈడ నిలబడితె గీ చిన్న డబ్బనే తీస్తదా?

ఆగు. జర ఆగు బిడ్డా.

గా ఫోటో దిగనీకె ఆయనెంత తక్లీఫ్ పడ్డడో తెలుసా? కరెంటుకు మెడ తోలంత నల్లగ కమిలింది. మనుషులు చూస్తరని తువ్వాల తియ్యడు. అన్నం తిన్నప్పుడు గూడ తియ్యడు. స్టూడియోల పిలగాడు, అంకుల్, తువ్వాల తీసేయండి, మెడ కనిపించాలె అన్నడు. ఈయన నా దిక్కు చూసిండు. పాసు కోసమే గద, ఒక్క నిమిషమే అని నేనే గుంజి తీసిన. గా పిలగాడు జర ఎనకకు జరిగిండు. ఈయన చూసిండు గది. అయినా మంచిగ కూసొని దిగిండు.

దామోదర్ ఫోటోలు పట్టుకపోయి, పొద్దుమీకి వచ్చి, మూసిండ్రక్కా అన్నడు. అయ్యో, నీకెంత పరేషాన్ తమ్ముడా, అన్న నేను. చాయ పెట్టిచ్చిన.

ఏ, ఎనకాయనా, జర ఆగరాదు! నేను గూడ లైన్ల నిలబడే వచ్చిన.

మేం రాకముందు ఫోన్ల ఏమన్నడో తెలుసా? అక్కా, నువ్వు ఫికర్ చెయ్యకు, బావను తీస్కొని సీదా మా ఇంటికే రా. రాంగనే బావకు నెల పాసు తీసిస్త, పాసు జేబుల ఉంటె సిటీల యాడికన్న తిరగొచ్చు అన్నడు. నేను ఘనపూర్ల మా వాడకట్టంత చెప్పుకున్న. మా తమ్ముడున్నడు, మాకేంది అని. నోరు ఊకుండక ఎంతమందికి చెప్పిన్నో.

వచ్చినకాడికెల్లి డే పాసే. పొద్దున లేవంగనే, బావా, ఇయ్యాల్టికి డే పాసే తీస్కోండ్రి అంటడు. రోజూ గా 'ఇయ్యాల్టికి' అన్న మాట. నాకు అప్పుడు తట్టలె. గా పాసుకు గూడ లెక్క చెప్పిండు. ఈ పొద్దు కొంటె రేపు గదే టైమ్ దాకా నడుస్తదట, జర ముందుగాల బయలెల్లితె నిన్నటి పాసు మీదనే దవాఖానకు పోవచ్చట. ఎంత తెలివి! గందుకని తెల్లారకముందే లేపుతడు. జావ గూడ సక్కగ తాగనియ్యడు ఆయనను. మేం పోయెవరకు దవాఖాన ఊడుస్తుంటరు, గేటు కాడ కూసుంటం. గంత సన్నగ లెక్క చేసెటోనికి ఆరు వారాలకు నెల పాసు మంచిదని తెల్వదా?

తెలుసు. మంచిగ తెలుసు వానికి.

మొన్నొకనాడు వంటింట్ల మా మరదలు శోభ ఏందో గులుగుతుంటె, ఈడు మెల్లగ అంటుండు, నెల పాసు ఇంక తియ్యలె గద, నువ్వెందుకు ఫికర్ పడ్తవ్, అని. నేను అవతల చెంబు కడుగుతున్న. పాపం, పాసు తియ్యలేదని మరదలు కోపం చేస్తుంటె ఈడు సముదాయిస్తుండు అనుకున్న. శోభ ఎంత మంచిదో అనుకున్న బిడ్డా. దాని మనసు గుర్తించలేదని నన్ను నేనే తిట్టుకున్న.

ఏం తలకాయె ఇది నాది! నెల పాసు తీస్తె నెలంత ఈడనే ఉంటమని గద దాని ఫికర్.

నోటితోని అనరాదా? అక్కా, పోండ్రి, మాతోని కాదు అనరాదా? మేమేమన్న కొడ్తుమా? ఇల్లు చిన్నది, బావ రాత్రంత దగ్గుతుండు, పిల్లలకు నిద్ర పడ్తలేదు అంటె నాకు తెల్వదా? ఉన్న మాట అంటె బాధైతది, పడ్త. కానీ రోజుకొక అబద్ధం తయారు చేసుడేంది? ఒకనాడు మూసిండ్రు, ఒకనాడు అడ్రస్, ఒకనాడు ఫోటో. పిల్లలకు లెక్కలు చెప్పెటోడు, అక్కకు గిట్లనా చెప్పెడిది?

రైలు పాసు సంగతి నీకు చెప్పలె గద. మేం అప్పుడు జనగామల ఉంటుంటిమి. ఈయన పత్తి మార్కెట్ల పనిచేసెటోడు. దామోదర్‌ను మా ఇంట్ల పెట్టుకొని డిగ్రీ చదివిపిచ్చినం. రోజూ జనగామకెల్లి వరంగల్‌కు రైల్ల పోయెటోడు. నెల నెలా వాని పాసు ఎవలు తీసిచ్చిన్రు? గా బెంచి మీద కూసున్నాయనే. సీజన్ల మార్కెట్ల నిలబడ జాగ ఉండకపోయేది. అయినా ఒళ్లంత దూదితోని టేషన్‌కు ఉరికెటోడు. పాసు అయిపోతె పిలగాని కాలేజీ ఆగుతదని. ఒక్కనాడన్న మూసిండ్రని వట్టి చేతులతోని ఇంటికి రాలె.

ఏడుస్తలేను. కండ్లల్ల దుమ్ము పడ్డది, మీ బస్టాండంత దుమ్మే.

వేరే కాడ ఉండరాదా అంటవా? అడిగిన. దవాఖాన పక్కపొంటి రోగులకు గదులున్నయి, అన్నీ నిండినయి, పేరు రాపిచ్చిన. ఎప్పుడు దొరుకుతదో చెప్పరు. ఊరికి పోయి రోజూ రావాల్నంటె యాడ ఘనపూర్, యాడ గీ పట్నం? బస్సుల కూసొని కూసొనే మనిషి అయిపోతడు. గిప్పటికి రెండు వారాలు పెట్టిండ్రు. అన్నం పోతలేదు ఆయనకు. పూటకింత మెత్తగ జావ కాయాలె, గోరువెచ్చగ పొయ్యాలె. పొయ్యి కావాలె బిడ్డా, వాలనీకె ఒక మూల కావాలె. గది వాని ఇంట్లనే ఉన్నది.

ఆగు, మీట నొక్కకు. ఇంక నొక్కలె గద?

నీకొక మాట చెప్త. ఎవలికీ చెప్పలె ఇది. శనివారం మీరు మూయలేదని నాకు తెలుసు.

అవ్ బిడ్డా, తెలుసు. ఆ దినం కరెంటు పెట్టరు గని రక్తం పరీక్షకు ఇయ్యనీకె దవాఖానకు పోయినం. గీ దారిపొంటే బస్సుల పోతుంటె చూసిన. గీ కిటికీ తెరిచున్నది. లోపల నువ్వే ఉన్నవ్, ఎవలికో కార్డు ఇస్తున్నవ్. గదే దినం పొద్దుమీకి వాడు మూసిండ్రక్కా అన్నడు. నా కండ్లే మోసం చేసినయేమో అనుకున్న. తమ్ముని మాట కన్న నా కండ్లెక్కువనా అనుకున్న. ఆయన గూడ చూసిండు. బస్సుల నా పక్కకే ఉన్నడు గద. ఆయన నన్ను అడగలె, నేను ఆయనకు చెప్పలె. వచ్చి జావ కాచి పోసిన.

మల్ల ఎందుకొచ్చినవ్ అంటవా? నువ్వు మూసినం అంటవేమోనని వచ్చిన. అవ్ అవ్వా, శనివారం జర సేపు మూసినం అని నువ్వొక్క మాట అంటె, గదే పట్టుకొని ఇంటికి పోదును. నీతోని గంత గట్టిగ లొల్లి చేసింది గందుకే. నువ్వేమో సక్కదనంగ, మూయనే మూయలేదంటివి.

పాసు వద్దు బిడ్డా. రాయకు. ఆధార్ ఇటియ్యి.

వద్దనే చెప్తున్న. నెల పాసు ఆయన జేబుల కనిపిస్తె ఇంగ దామోదర్ దాపెట్టనీకె ఏముంటది? నోరు తెరిచి చెప్పాల్సొస్తది. వాడు చెప్పిండంటె మేం ఉండలేం. గా దినమే బయలెల్లాలె. ఇప్పటిదాకనైతె వాడు పొమ్మనలె. కౌంటర్ మూసిండ్రు అంటుండు, గంతె. గా అబద్ధం ఆడినన్ని దినాలు మాకు గా మూల ఉన్నట్టే. పొద్దున వాడు ఇయ్యాల్టికి డే పాసే అంటె, అట్లనే తమ్ముడా, అంట. ఎక్కువ ఖర్చయితదని ఆయన గులుగుతడేమో, గులగనియ్యి.

ఆయనకేం చెప్పాల్నో గది నేను చూసుకుంట. నువ్వు నామీద జాలి పడకు, నాకు నచ్చది. ఇంక నాలుగు వారాలున్నయి. ఇజ్జత్ పోతె పోయింది గని, కరెంటు ఆగొద్దు.

పోయొస్త బిడ్డా.