చీమలు పట్టిన కంట్రోలరూ, యెహెజ్కేలు మాస్టారూ

ఈ సభకు అధ్యక్షులైన మన ఐటీఐ ప్రిన్సిపాల్ సూర్యప్రకాశం గారికి, ఎవరి వీడ్కోలు కోసం మనమంతా ఇక్కడ చేరామో ఆ యెహెజ్కేలు మాస్టారికి, ఆయన మెడలో దండ బరువంతా తనే మోస్తున్నట్టు పక్కన కూర్చున్న ఆయన ఇల్లాలు మెర్సీ అమ్మగారికి, తోటి ఉద్యోగులకు, దూరాల నుంచి వచ్చిన పాత విద్యార్థులకు, పని బట్టలతోనే వచ్చేసిన మా ఫిట్టరు పిల్లలకు నా నమస్కారాలండి. చివరి వరసలో మా అమ్మ చిట్టెమ్మ కూడా ఉంది, కడియంలో మొక్కల పని ఈ పూటకి మానుకుని వచ్చింది. మా ఇంట్లో బడి ముఖం చూసిన మొదటిదాన్ని నేనే కాబట్టి, మైకు ముందు నిలబడటం కూడా మా ఇంట్లో నాతోనే మొదలు. తడబడితే పెద్దలు సర్దుకోవాలి.

మాస్టారి గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను ఒక డ్రిల్లింగ్ మిషన్ గురించి చెబుతాను.

(నవ్వులు)

నవ్వండి, ఫరవాలేదు. రెండూ ఒకటే అని ఇక్కడ చాలామందికి తెలుసు.

మన షెడ్డులో తూర్పు కిటికీ దగ్గరున్న పాత డ్రిల్లింగ్ మిషన్‌కి పక్కనే ఒక రేకు డబ్బాలో కంట్రోలర్ ఉండేది. దాని నాబ్ తిప్పితే మోటారు వేగం పెరిగేది, తగ్గేది. కన్నం వేసే బిట్టు సన్నదైతే వేగం కావాలి, లావుదైతే నెమ్మది కావాలి. కొత్త మిషన్లు ఎన్ని వచ్చినా మాస్టారు ప్రతి బ్యాచ్ చేతా మొదటి కన్నం దీనిమీదే వేయించారు. "ఇది పిల్లల్ని కంగారు పెట్టదమ్మా, ఎంత మెల్లగా తిరగమంటే అంత మెల్లగా తిరుగుద్ది" అనేవారు. నేను ఇక్కడ చదువుకున్నప్పుడు నా మొదటి కన్నం కూడా దానిమీదే. కన్నం పడకముందే బిట్టు విరిగింది. ఇక నన్ను ఇంటికి పంపేస్తారనుకుని బిక్కచచ్చి నిలబడితే, మాస్టారు విరిగిన ముక్క తీసి పక్కన పెట్టి, ఇంకో బిట్టు బిగించి, నాబ్ కాస్త తగ్గించి, "ఊఁ, ఇప్పుడు కానియ్యి" అన్నారు. అంతే. విరిగిందన్న మాట కూడా అనలేదు. ఆ చదువుతోనే పోయిన ఏడాది అదే షెడ్డుకి ఇన్‌స్ట్రక్టరుగా వచ్చి ఆయన పక్కన నిలబడ్డాను.

పోయిన నెలలో ఆ మిషన్ మొరాయించింది. నాబ్ ఎటు తిప్పినా ఒకటే పరుగు. ఆ తర్వాత కాలిన వాసన వచ్చి పూర్తిగా ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే పాత సామాను వేలానికి పంపుతున్నారు, దీన్నీ అందులో చేర్చారు. ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్ళి బతిమాలితే, "మీ మాస్టారు రిటైరయ్యే రోజుకి నడిస్తే ఉంచుతానమ్మా, నడవకపోతే లారీ ఎక్కాల్సిందే" అన్నారు. అది న్యాయమే సార్. ఆ రోజు మాత్రం నాకు న్యాయంగా అనిపించలేదు.

(నవ్వులు)

మాస్టారూ నేనూ కలిసి కంట్రోలర్ డబ్బా మూత విప్పాం. లోపలంతా ఎర్రచీమలు. బోర్డు మీద కాపురాలు పెట్టేసి, కాలిన చోట గుట్టగా చచ్చిపడి ఉన్నాయి. వాటి కింద పాకం ఎండినట్టు జిగురు మరకలు. మాస్టారు వేలితో గీకి, వాసన చూశారు.

మీకు తెలుసు, ప్రతి దసరాకీ మన షెడ్డులో పనిముట్లకి పూజ చేస్తాం, కొబ్బరికాయ ఆ మిషన్ ఇనుప బల్ల అంచు మీదే కొడతాం. ఎప్పట్నుంచి అలా కొడుతున్నారో ఎవరికీ తెలీదు. కొట్టేది మన అటెండరు బుల్లియ్య గారు. కాయ మాత్రం ప్రతి ఏడూ మాస్టారి పెరట్లోదే. ఆదివారం ఏ పనున్నా మానుకుని చర్చికి వెళ్ళే మనిషి, "పిల్లల పండగ కదమ్మా, కాయ బజార్లో కొనడమేంటి?" అంటూ తనే సంచిలో వేసుకుని వచ్చేవారు. ఇక బుల్లియ్య గారు కాయ కొడితే నీళ్ళు ఎంత దూరం పోతాయో ముందు వరస పిల్లలు చెబుతారు.

(నవ్వులు)

ఇప్పుడు బుల్లియ్య గారు కూడా నవ్వుతున్నారు గాని, ఆ రోజు నవ్వలేదు.

"ఏంటి మాస్టారూ అది?" అన్నారు తొంగిచూసి.

"కొబ్బరినీళ్ళురా బుల్లియ్యా. గాలి కన్నాల్లోంచి ఏటా కాసిని పోశాం."

"కొట్టింది నేనండి. తప్పు నాదండి."

"కాయ ఎవరిది? పక్కనే కరెంటు డబ్బా ఉందని చూసుకోవాల్సింది ఎవరు? నా చెట్టు కాయే దీన్ని తినేసిందిరా."

ఆ మాట అని మాస్టారు మూత బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు. మర్నాటి నుంచి తూర్పు కిటికీ వైపు రావడమే మానేశారు. స్టోరుకి వెళ్ళాలన్నా షెడ్డు చుట్టూ తిరిగి వెళ్ళేవారు. కొత్త కంట్రోలర్ తెప్పిద్దామంటే, "పోనియ్యమ్మా. నా చేతులారా పాడుచేసుకున్నాను, ఇంకేం బాగుచేస్తాం?" అన్నారు.

నాకు కోపం వచ్చింది. మాస్టారి మీద కోపం రావడం అదే మొదటిసారి. ఎవరి చేతిలో ఏది విరిగినా ఇంకొకటి బిగించి కానియ్యమనే మనిషి, తన దగ్గరికి వచ్చేసరికి ఒక్క అవకాశం కూడా ఇచ్చుకోరా? ఆయన ఇన్నేళ్ళ ఉద్యోగంలోంచి ఈ ఒక్క తప్పునే చంకలో పెట్టుకుని ఇంటికి వెళ్తారేమోనని భయం కూడా వేసింది. మిషన్ లారీ ఎక్కితే అదే జరిగేది.



మోటారు మీది వివరాల రేకు చూసి, దానికి సరిపోయే కంట్రోలర్ రాజమండ్రిలో కొన్నాను. పాతది ఇటుకంత ఉండేది, ఇది అరచేతిలో పడుతుంది. ఈసారి దాన్ని గోడకి, బుల్లియ్య గారి కొబ్బరినీళ్ళు కూడా అందనంత ఎత్తులో బిగించాను.

(నవ్వులు)

పాత వైర్ల మీద గుర్తులు చెరిగిపోయాయి. అయినా తెలుసుననుకుని కలిపేసి, నిన్న మధ్యాహ్నం స్విచ్ వేశాను. మోటారు చక్కగా తిరిగింది. నాబ్ మాట వింది. నా సంతోషం చూడాలి! బిట్టు కిందికి దించితే కీచుమని అరుపు, పొగ. ఇనుము మీద గీత కూడా పడదు. బిట్టు మొద్దుబారిందేమోనని మార్చాను. మళ్ళీ అదే అరుపు.

బుల్లియ్య గారు వచ్చి చూసి, "దుర్గమ్మగారూ, ఇది కన్నం వెయ్యట్లేదండి, ఇస్త్రీ చేస్తందండి" అన్నారు.

(నవ్వులు)

అప్పుడు షెడ్డు ఆ చివర నుంచి ఒక నవ్వు వినిపించింది. నెల్లాళ్ళ తర్వాత మాస్టారు నవ్వారు. నవ్వుతూనే నడిచి వచ్చారు. "బిట్టు ఎటు తిరుగుతోందో చూశావా తల్లీ? వెనక్కి తిరుగుతోంది. వైర్లు అటుదిటు కలిపావు. ముందు మెయిన్ స్విచ్ తీసెయ్. ఆ స్క్రూ డ్రైవర్ ఇటియ్యి" అన్నారు.

కావాలనే తప్పుగా కలిపావా అని పొద్దుట్నుంచి చాలామంది నన్ను అడుగుతున్నారు. లేదండి, నాకంత తెలివి లేదు. నిజంగానే తప్పు కలిపాను. మాస్టారు రెండు వైర్లు విప్పి, మార్చి బిగించారు. "తిప్పండి మాస్టారూ" అని నాబ్ చూపించాను. ఆయన గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వెనక్కి జరిగి, "నువ్వే తిప్పమ్మా" అన్నారు. నేనే తిప్పాను. ఇనుప పొట్టు చుట్టలు చుట్టలుగా పైకి లేచింది. "బాగుంది" అని చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయారు. మిషన్ మీద చెయ్యి మాత్రం వెయ్యలేదు.

మాస్టారూ, మీకింకా తెలియని సంగతి ఒకటి చెప్పమని ప్రిన్సిపాల్ గారు నాకు అనుమతి ఇచ్చారు. ఈ ఉదయం ఆయన స్వయంగా వచ్చి చూశారు. మిషన్ లారీ ఎక్కడం లేదు. మన షెడ్డులోనే ఉంటుంది.

(చప్పట్లు)

ఇంకొక్క మాట చెప్పనివ్వండి మాస్టారూ. మీ చెట్టు కాయ దాన్ని తినెయ్యలేదు. ఆ కాయ కోసం ఎంతమంది పిల్లలు పండగనాడు కూడా షెడ్డుకి పరిగెత్తుకొచ్చారో, నేనూ వాళ్ళలో ఒకదాన్ని, నాకు తెలుసు. అందులో చీమలు కూడా కాసిని తిన్నాయి. పోయింది ఒక బోర్డు, మార్చేశాం. మార్చడం నేర్పింది మీరే. ఇక ముందు తప్పు వైర్లు కలిపితే, విప్పి మళ్ళీ నేనే కలుపుకుంటాను. భయపడుతూనే అయినా, కలుపుకుంటాను.

ఓపికగా విన్న పెద్దలకు, ఇన్నేళ్ళూ ఇంటి భోజనంలో మా వాటా కూడా కలిపి పంపిన మెర్సీ అమ్మగారికి, చివరి వరసలో కళ్ళు తుడుచుకుంటున్న మా అమ్మకి నా కృతజ్ఞతలు.

మాస్టారూ, భోజనాలకి ఇంకా కొంచెం టైముంది. షెడ్డుకి తాళం వెయ్యలేదు. మెయిన్ ఆన్ చేసే ఉంచాను. నాబ్ సున్నా దగ్గరుంది. మాలో ఎవ్వరం వెంట రాము. మీరు వెళ్ళి దాన్ని ఒకసారి తిప్పి రండి, నాకు సెలవిప్పించండి.